సీ కోడు నుంచి పైథాన్ జాబితా: నింపడానికి, చదవడానికి ఏ దారి ఎవరికి?

పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం. అటు ఆంధ్ర, ఇటు ఒడిశా. మా బజారులో ఒకే కూరగాయకు మూడు పేర్లు వినిపిస్తాయి: తెలుగువాళ్ల పేరు, ఒడియావాళ్ల పేరు, కొండ దిగి సంతకు వచ్చే సవరల పేరు. సవర భాష కోసం గిడుగు రామమూర్తి ఏళ్ల తరబడి శ్రమించింది ఈ ఊళ్లోనే. ఆ మూడు భాషల మాటలనూ పక్కపక్కన పేర్చి చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకుంటున్నాను. ఇప్పటికి 12,000 పదాలు చేరాయి.

మొదట అంతా పైథాన్‌లోనే రాశాను. ఉచ్చారణలో దగ్గరగా ఉన్న పదాలను వెతకడానికి ప్రతి పదాన్నీ మిగిలిన అన్నింటితో పోల్చాలి. ఆ ఒక్క చోట నిమిషాలకు నిమిషాలు పట్టడంతో ఆ భాగాన్ని సీలోకి మార్చాను. అసలు చిక్కు అక్కడ మొదలైంది. పైథాన్ జాబితాలో ఒక వస్తువును పెట్టడానికి సీ వైపు నుంచి నాలుగైదు దారులున్నాయి, తీయడానికి మరో నాలుగైదు. పేర్లు చూస్తే అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, స్వభావాలు మాత్రం వేరు. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు నుంచి ప్రాజెక్టు పని మీద వచ్చే విద్యార్థులు కూడా నన్ను ఇదే అడుగుతున్నారు: ఏది వాడాలి?

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

చాలామంది మొదట అడిగేది వేగం గురించి. నా అనుభవంలో దాన్ని చివర అడగాలి. ముందుగా అడగవలసింది ఈ వస్తువు మీద హక్కు ఎవరిదని. పైథాన్‌లో ప్రతి వస్తువుకూ ఒక లెక్క ఉంటుంది: తనను ఎంతమంది పట్టుకుని ఉన్నారో చెప్పే సంఖ్య. దాన్నే రిఫరెన్స్ లెక్క అంటారు. ఆ పట్టుల్లో ఒక్కోటీ ఒక హక్కు. అది సున్నాకు చేరిన క్షణంలోనే వస్తువు పోతుంది. పైథాన్ కోడు రాసేటప్పుడు ఈ లెక్క మనకు కనిపించదు. సీలో దాన్ని మనమే రాయాలి: పై_ఇంక్‌రెఫ్ ఒకటి పెంచుతుంది, పై_డెక్‌రెఫ్ ఒకటి తగ్గిస్తుంది.

ఆ తర్వాత మరో మూడు విషయాలు చూసుకోవాలి. జాబితాలో ఎన్ని వస్తువులు పడతాయో ముందే తెలుసా? మధ్యలో పని విఫలమైతే శుభ్రం చేయడం ఎంత కష్టం? మీ కోడు ఏయే పైథాన్ వెర్షన్ల మీద నడవాలి?

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. పైథాన్ జాబితా గొలుసు కాదు. లోపల అది పక్కపక్కన పేర్చిన చిరునామాల వరుస. 64 బిట్ల యంత్రంలో ఒక్కో చిరునామాకు 8 బైట్లు. తెలుగు పదంలో ఒక్కో సంకేతానికి పైథాన్ 2 బైట్లు కేటాయిస్తుంది. 1936లో సవర భాష కోసం రూపొందిన సోరా సోంపెంగ్ లిపిలోని పదమైతే 4 బైట్లు కావాలి. జాబితాలో మాత్రం రెండింటి చోటూ అదే 8 బైట్లు. నా 12,000 పదాల జాబితా వరుస 96,000 బైట్లలో సరిపోతుంది. కాబట్టి కింద చెప్పే దారులన్నీ ఈ చిరునామాలను పెట్టడం, తీయడం గురించే. పదాలు ఎంత పెద్దవైనా తేడా ఉండదు.

## ఒక్క చూపులో హక్కుల పట్టిక

తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు కనుక ఒక గుర్తు చెబుతాను. సెట్ఐటమ్ అని కలిపి రాస్తే అది మామూలు ఫంక్షన్. మధ్యలో మరో అండర్‌స్కోర్ పెట్టి సెట్_ఐటమ్ అని రాస్తే అది అంతా పెద్ద అక్షరాల్లో ఉండే మాక్రో, అంటే కంపైలు చేసేటప్పుడే కోడులోకి నేరుగా పరుచుకునే చిన్న తునక.

| పేరు | పని | హక్కు సంగతి | మీరు చేయవలసింది |
|---|---|---|---|
| పైలిస్ట్_సెట్ఐటమ్ | ఉన్న చోట కొత్త వస్తువు పెట్టడం | మీ హక్కును జాబితా తీసేసుకుంటుంది, విఫలమైనా సరే | ఆ తర్వాత డెక్‌రెఫ్ చేయకూడదు |
| పైలిస్ట్_సెట్_ఐటమ్ | అదే పని, ఏ తనిఖీ లేకుండా | మీ హక్కును తీసుకుంటుంది, పాత వస్తువును వదిలించదు | కొత్తగా చేసిన ఖాళీ జాబితాకే వాడాలి |
| పైలిస్ట్_అపెండ్ | చివర చేర్చడం | జాబితా తన హక్కు తాను రాసుకుంటుంది, మీది మీ దగ్గరే ఉంటుంది | మీ హక్కును డెక్‌రెఫ్‌తో వదలాలి |
| పైసీక్వెన్స్_సెట్ఐటమ్ | ఏ వరుసలోనైనా పెట్టడం | అపెండ్ లాగే | మీ హక్కును డెక్‌రెఫ్‌తో వదలాలి |
| పైలిస్ట్_గెట్ఐటమ్ | చదవడం | అరువు (హక్కు జాబితాదే) | డెక్‌రెఫ్ చేయకూడదు |
| పైలిస్ట్_గెట్ఐటమ్‌రెఫ్ | చదవడం, 3.13 నుంచి | సొంతం | డెక్‌రెఫ్ చేయాలి |
| పైసీక్వెన్స్_గెట్ఐటమ్ | ఏ వరుస నుంచైనా చదవడం | సొంతం | డెక్‌రెఫ్ చేయాలి |

మొదటి వరుసనూ నాలుగో వరుసనూ మళ్లీ చూడండి. పైలిస్ట్_సెట్ఐటమ్ మీ హక్కును తీసుకుంటుంది, పైసీక్వెన్స్_సెట్ఐటమ్ తీసుకోదు. పేరులో ఒక్క మాటే తేడా, పద్ధతి పూర్తిగా తలకిందులు. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి, మిగతా కోడును అలాగే వదిలేస్తే ఒకవైపు యంత్రం మెమరీ కారిపోతుంది, మరోవైపు ప్రోగ్రాం కూలిపోతుంది.

## నింపడం: లెక్క తెలిసినప్పుడు, తెలియనప్పుడు

ఎన్ని వస్తువులో ముందే తెలిస్తే నా ఓటు కొత్త జాబితా చేసే పైలిస్ట్_న్యూకు ఆ సంఖ్య ఇచ్చి, సెట్_ఐటమ్ మాక్రోతో నింపడానికే. కావలసినంత చోటు ఒక్కసారే దొరుకుతుంది. కొత్త పదాన్ని సృష్టించి, మాక్రోకు అప్పగించి, చేతులు దులుపుకోవచ్చు. హక్కు జాబితాకు వెళ్లిపోయింది కనుక డెక్‌రెఫ్ అక్కరలేదు. మధ్యలో ఏ పదమైనా సృష్టి కాకపోతే జాబితానే ఒక్కసారి డెక్‌రెఫ్ చేయండి. నిండిన గదులను అది వదిలిస్తుంది, ఖాళీ గదులను దాటిపోతుంది. శుభ్రం చేయడం ఇంత సులువుగా ఉండటమే ఈ దారిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి.

దీనికి ఒక షరతు ఉంది. పైలిస్ట్_న్యూ ఇచ్చిన గదులన్నీ మొదట ఖాళీ చిరునామా అయిన నల్‌తో ఉంటాయి. చివరి గది నిండేవరకు ఆ జాబితాను పైథాన్ కోడు కంటపడనీయకూడదు. పైసీక్వెన్స్ ఫంక్షన్లను కూడా దాని మీద వాడకూడదు. విద్యార్థుల కోడులో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇక్కడిదే: పైలిస్ట్_న్యూకు 100 ఇచ్చి, ఆ తర్వాత అపెండ్‌తో 100 చేరుస్తారు. అప్పుడు జాబితా పొడవు 200 అవుతుంది, మొదటి 100 గదులు నల్. పైథాన్ వైపు మొదటి గదిని తాకగానే ప్రోగ్రాం నేల కూలుతుంది. అపెండ్ వాడదలిస్తే పైలిస్ట్_న్యూకు సున్నా ఇవ్వాలి.

సంఖ్య ముందు తెలియనప్పుడు అపెండే సరైనది. ఫైలు నుంచి వరుసగా చదువుతూ, కొన్ని వదిలేస్తూ, కొన్ని ఉంచుకుంటూ పోయే పనికి అది బాగా కుదురుతుంది. జాబితా పెరిగే ప్రతిసారీ కొత్త చోటు అడగదు. కాస్త అదనంగా తీసి పెట్టుకుంటుంది: 4, 8, 16, 24, 32, 40, 52, 64 అంటూ పోతుంది, పెద్దదయ్యాక సుమారు ఎనిమిదో వంతు చొప్పున. అందుకే ఒక్కో అపెండ్ ఖర్చు సగటున తక్కువే. వేగం కోసం అపెండ్‌ను మానుకోవలసిన అవసరం చాలామందికి రాదు.

అపెండ్‌లో ఉన్న ప్రమాదం మరిచిపోయిన డెక్‌రెఫ్. మీరు సృష్టించిన పదం మీద మీ హక్కు ఒకటి, అపెండ్ తర్వాత జాబితా హక్కు ఒకటి, మొత్తం రెండు. మీది వదలకపోతే జాబితా పోయినా పదం మిగిలిపోతుంది. ఒక దశాంశ సంఖ్య వస్తువు 24 బైట్లు. పది లక్షల సంఖ్యలు ఇలా మిగిలిపోతే 2 కోట్ల 40 లక్షల బైట్లు గాలికి పోయినట్లే. ప్రోగ్రాం కూలదు, తప్పు చెప్పదు, నడుస్తూనే ఉంటుంది. యంత్రం మాత్రం నిదానంగా బరువెక్కుతుంది.

పైలిస్ట్_ఇన్సర్ట్ గురించి ఎక్కువ చెప్పను. మధ్యలో ఎప్పుడో ఒకటి చేర్చడానికి పరవాలేదు. ప్రతిసారీ మొదటి గదిలో చేర్చే వరుసకు మాత్రం వద్దు. 12,000 పదాలను అలా చేరిస్తే చిరునామాలు మొత్తం సుమారు 7 కోట్ల 20 లక్షల సార్లు పక్కకు జరగాలి. అపెండ్‌తో చేర్చి, చివరలో పైలిస్ట్_రివర్స్‌ను ఒక్కసారి పిలిస్తే పని అయిపోతుంది.

## చదవడం: అరువు సొమ్ము బరువు చేటు

మన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పైలిస్ట్_గెట్ఐటమ్ మీకు ఇచ్చేది అరువు. వస్తువు జాబితాలో ఉన్నంతవరకే మీ చేతిలో ఉన్న చిరునామాకు విలువ. దాన్ని తీసుకుని, పొడవు చూసి, వెంటనే వదిలేస్తే ఏ ఇబ్బందీ లేదు. చేతిలో పెట్టుకుని మరో పని చేస్తేనే ముప్పు.

నాకు ఎదురైనదాన్ని గది గదిగా చూపిస్తాను. జాబితాలో రెండు పదాలను ఒకదాని చోట ఒకటి మార్చాలి. మూడో గదిలో "ఏరు", ఏడో గదిలో "నది" అనుకోండి. రెండు పదాల లెక్కా 1, ఎందుకంటే జాబితా తప్ప వాటిని ఎవరూ పట్టుకోలేదు. నేను గెట్ఐటమ్‌తో రెండింటినీ అరువు తీసుకున్నాను. సెట్ఐటమ్‌తో మూడో గదిలో "నది" పెట్టాను. సెట్ఐటమ్ ఆ గదిలోని పాత వస్తువును వదిలిస్తుంది కదా, "ఏరు" లెక్క సున్నా అయింది, ఆ పదం అక్కడికక్కడే పోయింది. ఇప్పుడు మూడో గదిలోనూ ఏడో గదిలోనూ "నది"యే ఉంది, కానీ దాని లెక్క ఇంకా 1. తర్వాత ఏడో గదిలో "ఏరు" పెట్టాను. పెట్టింది పోయిన పదం చిరునామా. ఆ గదిలో ఉన్న "నది" లెక్క కూడా సున్నా అయింది, అదీ పోయింది. రెండే రెండు పిలుపులు, రెండు గదుల్లోనూ చచ్చిన చిరునామాలు.

చిన్న పరీక్షలో ఇది బయటపడలేదు. పరీక్ష ఫైలులో నేను చేత్తో రాసిన పదాలను ఆ ఫైలు స్థిరాంకాలు కూడా పట్టుకుని ఉన్నాయి, అందుకని లెక్క సున్నాకు చేరలేదు. అసలు పదకోశం ఫైలు నుంచి చదివిన రోజున ప్రోగ్రాం కుప్పకూలింది. కారణం కనిపెట్టడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

దీనికి మందు రెండు రకాలు. పాత వెర్షన్లలో గెట్ఐటమ్ తర్వాత వెంటనే రెండింటికీ పై_ఇంక్‌రెఫ్ చేసి, ఆ తర్వాత సెట్ఐటమ్‌కు అప్పగించాలి. 3.13 నుంచి అయితే గెట్ఐటమ్‌రెఫ్ వాడండి. అది సొంత హక్కు ఇస్తుంది, సెట్ఐటమ్ సొంత హక్కునే తీసుకుంటుంది. ఇచ్చినన్ని, తీసుకున్నన్ని. లెక్క తనంతట తానే సరిపోతుంది, మధ్యలో ఇంక్‌రెఫ్, డెక్‌రెఫ్ ఏవీ రాయనక్కరలేదు.

అరువు మీద ఎంతసేపు ఆధారపడవచ్చని అడిగేవాళ్లకు నా జవాబు: పైథాన్ కోడు నడిచే అవకాశం వచ్చేవరకు. రెండు వస్తువులను పోల్చడం, ఒకదాన్ని అచ్చు వేయడం, వేరొక ఫంక్షన్‌ను పిలవడం, ఇవన్నీ పైథాన్ కోడును నడిపించగలవు. పై_డెక్‌రెఫ్ కూడా నడిపించగలదని చాలామందికి తట్టదు. లెక్క సున్నా అయిన వస్తువుకు తనదైన ముగింపు పద్ధతి ఉంటే అది అప్పుడే నడుస్తుంది, అందులో మీ జాబితానే ఎవరైనా ఖాళీ చేయవచ్చు. అందుకే లూప్ చుట్టు తిరిగే ప్రతిసారీ జాబితా పొడవును మళ్లీ అడగడం మంచి అలవాటు.

లోపలికి వచ్చేది జాబితాయో, టపుల్‌యో, మరేదో తెలియనప్పుడు పైసీక్వెన్స్_ఫాస్ట్ చాలా అనుకూలం. జాబితా, టపుల్ అయితే వాటినే తిరిగి ఇస్తుంది, కాకపోతే కొత్త జాబితా చేసి ఇస్తుంది. ఆ తర్వాత గదుల వరుసను నేరుగా చదవవచ్చు. అయితే లోపలి వస్తువులు అరువే, జాబితా పెరిగితే వరుస వేరే చోటికి మారవచ్చు. చదివేటప్పుడు దాన్ని ఎవరూ మార్చరని నమ్మకం ఉన్నప్పుడే ఇది. లక్షల వస్తువులు ఒక్కొక్కటిగా వచ్చే ప్రవాహమైతే ఒక్కోదాన్నీ అడిగినప్పుడే అందించే ఐటరేటరు మేలు, మొత్తాన్ని ఒకేసారి దాచనక్కరలేదు. పైఐటర్_నెక్స్ట్ సొంత హక్కు ఇస్తుంది. చివరకు వచ్చినా నల్, తప్పు జరిగినా నల్ ఇస్తుంది కాబట్టి చుట్టు ముగిశాక పైఎర్_అకర్డ్‌తో తప్పకుండా అడగాలి. 3.14లో వచ్చిన పైఐటర్_నెక్స్ట్ఐటమ్ ఈ రెండింటినీ వేర్వేరు సంఖ్యలతో చెబుతుంది.

## అసలు జాబితాయే కావాలా?

పదాలకు జాబితా కావాలి. అంకెలకు మాత్రం చాలాసార్లు అక్కరలేదు. మా వైపు జీడిపిక్కల వ్యాపారి ఒకరికి బస్తాల తూకాలు కూడి, సగటు తీసే ప్రోగ్రాం కావాలన్నారు. దశాంశ సంఖ్యలను జాబితాలో పెడితే చిరునామాకు 8, వస్తువుకు 24, కలిపి ఒక్కో తూకానికి 32 బైట్లు. అదే పైథాన్‌తో వచ్చే అరే మాడ్యూల్‌లో పెడితే 8 బైట్లు మాత్రమే. పైఆబ్జెక్ట్_గెట్‌బఫర్‌తో ఆ వరుసను సీ నుంచి నేరుగా అందుకోవచ్చు. ఒక్కో సంఖ్యకు రిఫరెన్స్ లెక్క అనే మాటే ఉండదు. పని అయ్యాక పైబఫర్_రిలీజ్ పిలవాలి. అది పిలిచేవరకు అరే పెరగలేదు, ప్రయత్నిస్తే పైథాన్ బఫర్‌ఎర్రర్ ఇస్తుంది. ఈ కట్టడి మంచిదే, జాబితాలో లేని రక్షణ ఇది.

వస్తువులను చిన్నా పెద్దా క్రమంలో పేర్చడం (సార్ట్) కోసమే సీకి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోవచ్చు. పైథాన్‌లోని సార్ట్ ముందే సీలో ఉంది, టిమ్ పీటర్స్ 2002లో రాసిన పద్ధతి నుంచి వచ్చింది. పైలిస్ట్_సార్ట్ పిలిచినా నడిచేది అదే.

## మీరు ఎవరైతే ఏది

ప్రాజెక్టు కోసం ఒకే యంత్రం మీద, ఒకే వెర్షన్‌తో పనిచేసే విద్యార్థులు 3.13 లేదా ఆ తర్వాతి పైథాన్ పెట్టుకోండి. నింపడానికి అపెండ్, చదవడానికి గెట్ఐటమ్‌రెఫ్, ఈ రెండింటితోనే మొదలుపెట్టండి. రెండు చోట్లా నియమం ఒకటే: మీ చేతికి వచ్చినదాన్ని మీరే వదలాలి. మాక్రోల వేగం తర్వాత చూసుకోవచ్చు.

పదిమందికి పంచే లైబ్రరీ రాసేవాళ్ల సంగతి వేరు. ఒక్కసారి కట్టిన ఫైలు అనేక వెర్షన్ల మీద నడవాలంటే పరిమిత ఏపీఐకి (వెర్షన్లు మారినా నిలిచే సీ ఫంక్షన్ల సమితికి) కట్టుబడాలి, సెట్_ఐటమ్, గెట్_ఐటమ్ మాక్రోలు అందులో లేవు. అప్పుడు మామూలు సెట్ఐటమ్, అపెండ్ వాడాలి. కాస్త వేగం పోతుంది, నిర్వహణ భారం చాలా తగ్గుతుంది. నేనైతే ఆ బేరానికే ఒప్పుకుంటాను. ప్రతి వెర్షన్‌కూ వేరుగా కట్టేవాళ్లకు పైథాన్‌సీఏపీఐ_కంపాట్ అనే హెడరు ఫైలు ఉంది, దాంతో పాత వెర్షన్లలోనూ గెట్ఐటమ్‌రెఫ్ దొరుకుతుంది.

పాత ఎక్స్‌టెన్షన్‌ను చూసుకునేవాళ్లు ముందు గెట్ఐటమ్ ఉన్న చోట్లన్నీ వెతకండి. 3.13లో ప్రయోగాత్మకంగా వచ్చి, 3.14లో అధికారిక మద్దతు పొందిన జిల్ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌ను, అంటే ఒక్క పని దారినే, పైథాన్ కోడు నడపనిచ్చే తాళం) లేని పైథాన్‌లో ఒక థ్రెడ్ అరువు తీసుకున్న వస్తువును మరో థ్రెడ్ అదే క్షణంలో తొలగించవచ్చు. ఇంతకాలం ఆ తాళం కాపాడిన కోడు అక్కడ కూలవచ్చు. గెట్ఐటమ్‌ను గెట్ఐటమ్‌రెఫ్‌గా మార్చి, ప్రతి దారిలోనూ డెక్‌రెఫ్ చేర్చడం విసుగు పుట్టించే పనే, కానీ వాయిదా వేయకండి. పైసీక్వెన్స్_ఫాస్ట్ ఉన్న చోట జాబితా చుట్టూ క్రిటికల్ సెక్షన్ తాళం కూడా కావాలి.

ఏడాదికి ఒకసారి మాత్రమే ఇలాంటి కోడు రాసేవాళ్లకు పైథాన్ లాంటి కోడును సీలోకి మార్చే సైథాన్ చెబుతాను. పైథాన్‌లాగే రాస్తే హక్కుల లెక్క అదే చూసుకుంటుంది. నా పదకోశంలో పోలిక భాగం తప్ప మిగతాదంతా ఈ మధ్యే దానిలోకి మార్చాను.

ఏ దారి పట్టినా పరీక్షలో ఒక జాగ్రత్త తీసుకోండి. మైనస్ 5 నుంచి 256 వరకు ఉన్న పూర్ణాంకాలను పైథాన్ ముందే చేసి, ఎప్పటికీ ఉంచుకుంటుంది. 1 నుంచి 100 వరకు అంకెలతో పరీక్షిస్తే మరిచిపోయిన డెక్‌రెఫ్ గానీ, ఎక్కువైన డెక్‌రెఫ్ గానీ బయటపడకపోవచ్చు. లక్షకు పైబడిన సంఖ్యలనో, ఫైలు నుంచి అప్పుడే చదివిన పదాలనో ఇవ్వండి. అదే పనిని వెయ్యిసార్లు తిప్పి, మెమరీ వాడకాన్ని లెక్కించే ట్రేస్‌మాలాక్‌తో ముందూ తర్వాతా ఎంత మెమరీ వాడుకలో ఉందో చూడండి. మొదటి కొన్ని చుట్ల తర్వాత ఆ అంకె నిలకడగా ఉండాలి. చుట్టు చుట్టుకూ పెరుగుతుంటే అపెండ్ ఉన్న చోటికి వెళ్లండి. మధ్యలో కూలితే సెట్ఐటమ్ ఉన్న చోటికి వెళ్లండి.